మీ ప్రశ్న, మా జవాబు: పిల్లల క్యాన్సర్‌కు జన్యు పరీక్షలు, గురి చూసి ఇచ్చే మందులు

పిల్లల క్యాన్సర్ మీద ఈసారి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ మంది అడిగింది ఒక్కటే: బిడ్డ క్యాన్సర్ కణాల జన్యువులు చూసి దానికి సరిపడే మందు ఇచ్చే ‘ప్రెసిషన్ మెడిసిన్’ మనదాకా వచ్చిందా? కొన్ని ఉత్తరాలకు ఇక్కడ జవాబులిస్తున్నాం. రాసినవారి పేర్లు తీసేశాం. జవాబులు పిల్లల క్యాన్సర్ వైద్యులు, మాలిక్యులర్ ల్యాబ్ నిపుణులు కలిసి రాసినవి.

ప్రశ్న: మా పాపకు ఆరేండ్లు. రెండు వారాల కింద హైదరాబాద్‌ల చూపిస్తే బ్లడ్ క్యాన్సర్, బీ-ఆల్ అన్నరు. కీమో మొదలైంది. మా బామ్మర్ది అమెరికాల ఉంటడు. “ఇక్కడ ప్రతి పిల్లకు జీన్ టెస్ట్ చేసి దానికి తగ్గ మందు ఇస్తరు, అక్కడ అందరికీ ఒకటే మందు ఎక్కిస్తున్నరు” అంటున్నడు. ప్రైవేటు ల్యాబ్‌కు శాంపిల్ పంపాల్నా? అవసరమైతే భూమి అమ్మైనా చేపిస్త.
(ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: భూమి జోలికి పోకండి. ముందు పాప ఫైలు తెరిచి చూడండి. మీ బామ్మర్ది గారు చెబుతున్న పరీక్షల్లో ముఖ్యమైనవి అందులో ఇప్పటికే ఉండాలి.

బోన్‌మారో (ఎముక మజ్జ) తీసిన రోజే దాన్ని భాగాలు చేసి వేర్వేరు పరీక్షలకు పంపుతారు. ఫ్లో సైటోమెట్రీ అది బీ-ఆల్ అని తేలుస్తుంది. కార్యోటైప్, ఫిష్ పరీక్షలు క్రోమోజోములు ఎన్ని ఉన్నాయో, ఎక్కడ తెగి ఎక్కడ అతుక్కున్నాయో చూస్తాయి. ఆర్‌టీ-పీసీఆర్ రెండు జన్యువులు అతుక్కుని పుట్టిన కొత్త జన్యువు కోసం వెతుకుతుంది. రిపోర్టులో ‘ఈటీవీ6-రంక్స్1’ అనో ‘హై హైపర్‌డిప్లాయిడీ’ అనో ఉంటే మంచి కబురు, మామూలు కీమోకే బాగా లొంగే రకాలవి. ‘కేఎంటీ2ఏ’, ‘హైపోడిప్లాయిడీ’, ‘ఐఏఎంపీ21’ అని ఉంటే చికిత్స మొదటి నుంచీ గట్టిగా ఉండాలి. మందుల పేర్లు ఒకటే అయినా డోసు, వరుస, ఎన్నాళ్లు అనేవి పిల్లను బట్టి మారుతాయి. “మా పాప ఏ రిస్క్ గ్రూపు? ఎందుకు ఆ గ్రూపులో పెట్టారు?” అని డాక్టరు గారిని నేరుగా అడగండి.

ఇక ‘బీసీఆర్-ఏబీఎల్1’. పిల్లల ఆల్ రకం లుకేమియాలో 100కు 3 నుంచి 5 మందిలో ఇది కనబడుతుంది. 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క తావులు మార్చుకోవడంతో కణాన్ని ఆగకుండా విభజించే ఒక ప్రొటీన్ తయారవుతుంది. ఆ ప్రొటీన్‌కే గురిపెట్టి అడ్డుపడే గోళీ ఇమాటినిబ్. 2001లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు దాని ధర మనవాళ్లకు అందనిది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో లాంటి కంపెనీలు జనరిక్ తెచ్చాయి. ఆ మందు కొత్త రూపానికి పేటెంటు ఇవ్వక్కర్లేదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ఈ మందు ఇప్పుడు అందుబాటులోనే ఉంది. అసలు మెలిక టైముది. బీసీఆర్-ఏబీఎల్1 ఉన్న పిల్లలకు దీన్ని సుమారు 15వ రోజు నుంచే కీమోతో కలుపుతారు. మీ పాపకు రెండు వారాలు దాటుతున్నాయి గనుక ఆ రిపోర్టు వచ్చిందో లేదో రేపే కనుక్కోండి.

తర్వాత చూడాల్సింది ఎం.ఆర్.డి., అంటే కీమో తర్వాత కూడా ఒంట్లో మిగిలిన క్యాన్సర్ కణాల లెక్క. మొదటి దశ కీమో ముగిసే వేళ, అంటే 29 నుంచి 35 రోజుల మధ్య, మళ్లీ బోన్‌మారో తీస్తారు. మైక్రోస్కోపు కింద క్యాన్సర్ కణాలు 5 శాతం లోపు ఉంటే రెమిషన్ అంటారు. ఎం.ఆర్.డి. పరీక్ష మాత్రం 10 వేల కణాల్లో ఒక్కటి మిగిలినా పట్టుకుంటుంది. ఆ గీత 0.01 శాతం. దానికి పైనుంటే చికిత్స పెంచుతారు. ఏ ఖరీదైన ప్యానెల్ (ఒకేసారి చాలా జన్యువులు చూసే పరీక్ష) కంటే కూడా పాప భవిష్యత్తును ఎక్కువ నమ్మకంగా చెప్పే అంకె ఇదే.

అదనపు ఆర్ఎన్ఏ ప్యానెల్ ఎప్పుడు పనికొస్తుంది? పై మార్పులు ఏవీ దొరక్కుండా, ఎం.ఆర్.డి. మాత్రం ఎక్కువగా ఉన్నప్పుడు. అలాంటి పిల్లల్లో కొందరికి బీసీఆర్-ఏబీఎల్1ను పోలిన వేరే అతుకులు ఉంటాయి, వాటిలో కొన్నింటికి ఇమాటినిబ్, డాసాటినిబ్ పనిచేస్తాయి. ఆ అవసరం వస్తే మీ డాక్టరు గారే చెబుతారు. ఇవాళ కాదు.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఒక నర్సింగ్‌హోం ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మేం హైదరాబాద్‌కు పంపే బోన్‌మారో శాంపిళ్లు, బయాప్సీలు అప్పుడప్పుడు “పరీక్షకు పనికిరాదు” అని తిరిగొస్తున్నాయి. ఆ పిల్లకు మళ్లీ సూది గుచ్చాల్సి వస్తున్నది. తప్పు ఎక్కడ జరుగుతున్నది సార్?
(హనుమకొండ చౌరస్తా)

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు దండం. ప్రెసిషన్ మెడిసిన్ సీక్వెన్సింగ్ మెషిన్ దగ్గర మొదలవదు, మీ చేతిలోని ట్యూబు దగ్గరే మొదలవుతుంది.

శాంపిల్ తీయకముందే జరిగే పెద్ద నష్టం స్టెరాయిడ్. జ్వరం తగ్గట్లేదని, మెడలో గడ్డలున్నాయని, ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ అనుకుని ఊళ్లో డెక్సామెథాసోన్ సూది వేస్తారు, లేదా ప్రెడ్నిసొలోన్ గోళీలిస్తారు. లుకేమియా, లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కు తాత్కాలికంగా కరిగిపోతాయి. పిల్ల తేరుకున్నట్టే కనబడుతుంది, బోన్‌మారోలో ఏమీ తేలదు, కొన్ని వారాల్లో రోగం ముదిరి తిరిగొస్తుంది. రిస్క్ గ్రూపు లెక్క కూడా తప్పుతుంది. పాలిపోయి, ఒంటి మీద ఎర్ర చుక్కలు, ఎముకల నొప్పులు, గడ్డలున్న పిల్లకు స్మియర్ (స్లైడ్ మీద పరిచిన రక్తం) చూడకుండా స్టెరాయిడ్ వేయొద్దని మీకు కేసులు పంపే ఆర్‌ఎంపీలకు గట్టిగా చెప్పండి. ఇప్పటికే వేసి ఉంటే ఏ మందు, ఎన్ని రోజులు అన్నది రిక్విజిషన్ ఫారం మీద రాయండి.

ఇక బోన్‌మారో. సిరంజిలోకి మొదట వచ్చే 1–2 మి.లీ.లోనే అసలు మజ్జ ఉంటుంది. తర్వాత లాగేదాంట్లో రక్తం కలిసి పలచబడుతుంది. కాబట్టి ఆ ఫస్ట్ పుల్‌లో కొన్ని చుక్కలు స్లైడ్లకు వాడి, మిగతాది ఫ్లో సైటోమెట్రీకి, ఎం.ఆర్.డి.కి పర్పుల్ మూత ఈడీటీఏ ట్యూబులో వేయండి. ఎం.ఆర్.డి.కి మూడో పుల్ పంపితే, ఉన్న రోగం లేదని రిపోర్టు రావచ్చు. శాంపిల్ తిరస్కరించడం కంటే అది ప్రమాదం. తర్వాత సూది కొంచెం జరిపి తీసిన 2–3 మి.లీ. గ్రీన్ మూత సోడియం హెపారిన్ ట్యూబులో కార్యోటైప్‌కు. ఇవి తారుమారైతేనే ఎక్కువ శాంపిళ్లు తిరిగొస్తాయి: హెపారిన్ పీసీఆర్ ఎంజైమును అడ్డుకుంటుంది, ఈడీటీఏలో ఎక్కువసేపున్న కణాలు కల్చర్‌లో సరిగా పెరగవు. ట్యూబును 8–10 సార్లు మెల్లగా తలకిందులు చేయండి. గట్టిగా ఊపితే కణాలు పగులుతాయి, కలపకపోతే గడ్డ కడుతుంది. గడ్డకట్టిన ట్యూబు ఫ్లోకు పనికిరాదు. స్లైడ్లు మంచం పక్కనే 6–8 గీసి గాలికి ఆరనివ్వండి, ఫార్మలిన్ డబ్బా ఉన్న పెట్టెలో మాత్రం పెట్టొద్దు. ఆ ఆవిరి తగిలిన స్లైడ్ స్టెయిన్ సరిగా పట్టదు.

డ్రై ట్యాప్ అయితే, అంటే సూదిలోకి మజ్జ రాకపోతే నిరాశ పడొద్దు. రక్తంలో బ్లాస్టులు (ముదరని క్యాన్సర్ కణాలు) ఉంటే ఈడీటీఏలో, హెపారిన్‌లో విడివిడిగా తీసిన రక్తంతోనే చాలా పరీక్షలు నడుస్తాయి. లేకపోతే ట్రెఫైన్ బయాప్సీ ముక్కను స్లైడ్ మీద అద్ది ఇంప్రింట్లు తీయండి.

పంపేటప్పుడు గది ఉష్ణోగ్రత, 18–25 డిగ్రీలు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో బయట 43, 44 ఉంటుంది కాబట్టి థర్మాకోల్ పెట్టెలో కూల్ ప్యాక్ పెట్టి, దానికీ ట్యూబుకూ మధ్య గుడ్డ మడిచి పెట్టండి. ఐసు నేరుగా తగిలి గడ్డకడితే కణాలు పగిలిపోతాయి. 24 గంటల్లో ల్యాబ్ చేరాలి, 48 దాటితే ఆర్ఎన్ఏ పాడవుతుంది. శుక్రవారం సాయంత్రం కొరియర్‌కు ఇచ్చిన శాంపిల్ సోమవారం దాకా గోదాంలో ఉంటుంది. వీలైతే సోమవారం నుంచి బుధవారం లోపు తీయించండి. అత్యవసరమైతే కాజీపేటలో రైలెక్కిన బంధువు చేతికిచ్చి పంపినా సికింద్రాబాద్‌కు ఆ పూటే చేరుతుంది. ట్యూబు మీద పేరు, వయసు, ఆస్పత్రి నంబరు, తీసిన తేదీ, గంట ఉండాలి. ఎం.ఆర్.డి. అయితే చికిత్సలో ఎన్నో రోజో రాసి, మొదటి ఫ్లో రిపోర్టు జిరాక్సు జత చేయండి. మొదట్లో ఆ కణాల గుర్తులేమిటో తెలియకపోతే తర్వాత వాటిని వెతకడం కష్టం.

గడ్డల బయాప్సీకి 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ వాడండి, ముక్క పరిమాణానికి 10 రెట్లు. పాత డబ్బాలో పులిసి ఆమ్లంగా మారిన మామూలు ఫార్మలిన్ డీఎన్ఏను ముక్కలు చేస్తుంది. నానబెట్టేది 6 గంటలకు తగ్గకుండా, 48 గంటలు మించకుండా. పెద్ద గడ్డను కోయకుండా అలాగే వేస్తే ఫార్మలిన్ లోపలికి దిగేలోపు మధ్య భాగం కుళ్లుతుంది. ఎముక గడ్డల విషయంలో ఇంకో జాగ్రత్త: ఎముకను మెత్తబరచడానికి వాడే యాసిడ్ జన్యు పరీక్షకు విషం. మెత్తని కండ భాగాన్ని వేరు చేసి యాసిడ్ తగలకుండా ఒక బ్లాకు (మైనంలో పొదిగిన ముక్క) చేయించండి, గట్టిదానికి ఈడీటీఏతో డీకాల్సిఫికేషన్ చేయొచ్చు. ఈ ఒక్క బ్లాకు లేక ఈవింగ్ సార్కోమా (ఒక రకం ఎముక క్యాన్సర్) ఉన్న పిల్లలకు రెండోసారి బయాప్సీ అవసరమవుతుంది.

ప్రశ్న: మా బాబుకు ఆరేండ్లు, ఆల్. మెయింటెనెన్స్ (రోగం అణిగినంక నడిపే గోళీల దశ) నడుస్తున్నది. 6-ఎంపీ గోళీ మొదలుపెట్టిన రెండు వారాలకే కౌంట్స్ పడిపోతయి, జ్వరం వస్తది, దవాఖానల ఉంచుతరు. ఆపితే పెరుగుతయి, మళ్ల ఇస్తే మళ్ల పడతయి. ఇప్పుడు ‘ఎన్‌యూడీటీ15’ అనే జీన్ టెస్ట్ రాసిన్రు. ఇది క్యాన్సర్ తిరిగొచ్చిందని పరీక్షనా? భయమైతున్నది.
(ఒక తల్లి, జగిత్యాల)

జవాబు: కాదమ్మా. ఇది క్యాన్సర్‌ను చూసే పరీక్ష కాదు. బాబు ఒంట్లో ఈ మందు ఎలా అరుగుతుందో చూసే పరీక్ష. తక్కువ ఖర్చుతో పిల్లల ప్రాణం కాపాడే జన్యు పరీక్షల్లో ఇది ముందుంటుంది.

6-ఎంపీని (మెర్కాప్టోప్యూరిన్) శరీరంలో విరిచే పనిలో రెండు జన్యువులు ముఖ్యం: టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15. యూరప్ వాళ్లలో ఎక్కువగా టీపీఎంటీ మార్పు కనబడితే, మనతో సహా ఆసియా జనాల్లో ఎన్‌యూడీటీ15 మార్పు ఎక్కువ. తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ వస్తాయి. ఒకటి మారితే మందు కొంచెం ఎక్కువసేపు పనిచేస్తుంది. రెండూ మారితే మామూలు డోసే విషమై తెల్లకణాలను తుడిచిపెట్టేస్తుంది. ఇందులో మీ తప్పేమీ లేదు, బాబు తిండిలోనూ లోపం లేదు.

పరీక్షకు పర్పుల్ ట్యూబులో 2–3 మి.లీ. రక్తం చాలు. టీపీఎంటీ ఎంజైమ్ స్థాయి చూసే పాత పరీక్ష, ఈ మధ్య రక్తం ఎక్కించిన పిల్లల్లో దాత కణాల వల్ల తప్పు చూపిస్తుంది. డీఎన్ఏ పరీక్షే అడగండి.

ఫలితాన్ని బట్టి డోసు మారుతుంది. ఒక కాపీ మారితే మామూలు డోసులో 30 నుంచి 80 శాతం మధ్య మొదలుపెడతారు. ఎన్‌యూడీటీ15 రెండు కాపీలూ మారితే చదరపు మీటరుకు రోజుకు 10 మి.గ్రా. దగ్గర మొదలు. ఇది లెక్కలో ఎలా ఉంటుందో చూడండి. మీ బాబు ఒంటి వైశాల్యం 0.8 చదరపు మీటర్లు అనుకుందాం. మామూలుగా మీటరుకు 60 మి.గ్రా. చొప్పున 48 మి.గ్రా., అంటే రోజుకో 50 మి.గ్రా. గోళీ. రెండు కాపీలూ మారితే రోజుకు 8 మి.గ్రా. మాత్రమే. గోళీని ఆరు ముక్కలు చేయలేం కాబట్టి వారానికి లెక్కేసి, పావు గోళీ చొప్పున వారంలో నాలుగు రోజులు ఇచ్చేలా డాక్టరు గారు చీటీ రాస్తారు. లెక్క ఆయనే వేయాలి, మీరు సొంతంగా మార్చొద్దు. గోళీ కోసేది మీరైతే గ్లవ్స్ వేసుకుని కట్టర్‌తో కోయండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె ముట్టుకోవద్దు.

డోసు తగ్గిందని క్యాన్సర్‌కు మందు తక్కువైపోతుందని దిగులు పడొద్దు. బాబు ఒంట్లో ఆ కొంచెమే పూర్తి డోసు పని చేస్తుంది. సరిపోతుందా లేదా అన్నది కౌంట్స్ చెబుతాయి. ఏఎన్‌సీ (రోగాలతో పోరాడే న్యూట్రోఫిల్ తెల్లకణాల లెక్క) మామూలుగా 500 నుంచి 1500 మధ్య ఉండేలా చూస్తారు. ఎప్పుడూ 3000 పైనే ఉంటే మందు చాలట్లేదనో, గోళీలు తప్పుతున్నాయనో అనుమానించాలి.

పరీక్ష మామూలుగా వస్తే వేరే కారణం వెతకాలి. యూరిక్ యాసిడ్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్ 6-ఎంపీతో కలిస్తే కౌంట్స్ కూలిపోతాయి. కోట్రైమోక్సజోల్ కూడా కొంత తగ్గిస్తుంది. అన్నింటికంటే ముఖ్యం, మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కరోజే వేయాలి. అదీ 6-ఎంపీ కూడా పసుపు రంగు చిన్న గోళీలే. పొరపాటున మెథోట్రెక్సేట్ రోజూ పడితే నోటినిండా పుండ్లు, కౌంట్స్ సున్నా, ప్రాణం మీదికి వస్తుంది. రెండింటినీ వేర్వేరు డబ్బాల్లో పెట్టి, మెథోట్రెక్సేట్ వేసే రోజును క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టండి.

గోళీ రోజూ ఒకే వేళకు వేయండి. 100 డోసుల్లో 95 కంటే తక్కువ వేసిన పిల్లల్లో రోగం తిరగబెట్టే అవకాశం రెట్టింపు కంటే ఎక్కువని అమెరికా అధ్యయనాల్లో తేలింది. పెళ్లికి ఊరెళ్లినా, జాతరకు మేడారం పోయినా డబ్బా సంచిలో ఉండాలి.

ప్రశ్న: మా బాబుకు 9 ఏండ్లు. తొడలో సార్కోమా (కండ, ఎముకల్లో పుట్టే క్యాన్సర్). ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయినంక ఏడాదికి మళ్లీ వచ్చింది. ఆస్ట్రేలియాలో ప్రతి పిల్లవాడి గడ్డకు మొత్తం జీనోమ్ చదివి మందు చెప్తున్నరట. అట్లాంటిది చేయిస్తే మా బాబు బతుకుతడా? దాపరికం లేకుండా చెప్పండి.
(ఒక సింగరేణి కార్మికుడు, మంచిర్యాల)

జవాబు: మీరు విన్నది జీరో చైల్డ్‌హుడ్ క్యాన్సర్ ప్రోగ్రామ్ గురించి. సిడ్నీ కేంద్రంగా, బతికే అవకాశం 30 శాతం లోపున్న పిల్లలతో మొదలుపెట్టి దేశమంతటికీ విస్తరించారు. గడ్డ డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, పిల్లవాడి రక్తం డీఎన్ఏ మూడూ చదివి పోల్చి చూస్తారు. జర్మనీలో ఇన్‌ఫార్మ్, ఫ్రాన్స్‌లో మ్యాపియాక్ట్స్ కూడా ఇలాంటివే.

దాపరికం లేకుండా అడిగారు కాబట్టి అంకెలు చెబుతాం. జీరో బృందం 2024లో 384 మంది పిల్లల ఫలితాలు ప్రకటించింది. 67 శాతం మందికి ఏదో ఒక మందు సూచించగలిగారు. దాన్ని నిజంగా తీసుకోగలిగింది 110 మంది. వాళ్లలో 36 శాతం మందిలో గడ్డ బాగా తగ్గింది. రెండేళ్ల తర్వాత రోగం పెరగకుండా ఉన్నవాళ్లు, ఇలా గురిపెట్టి మందు తీసుకున్నవారిలో 26 శాతం, మామూలు చికిత్సలో 12 శాతం. లాభం నిజమే, కానీ నలుగురిలో ఒకరికి. రోగం మళ్లీ పెరగకముందే మందు మొదలుపెట్టినవారికి, రెండు జన్యువుల అతుకు దొరికినవారికి మేలు ఎక్కువ జరిగింది.

ఆ చివరి మాట మీకు ముఖ్యం. పిల్లల గడ్డల్లో పెద్దవాళ్ల గడ్డల కంటే జన్యు మార్పులు చాలా తక్కువ, ఒక పెద్ద అధ్యయనంలో 14 రెట్లు తక్కువని తేలింది. ఉన్నవాటిలో అతుకులు ఎక్కువ. మార్కెట్లో అమ్మే ప్యానెళ్లు చాలా వరకు పెద్దవాళ్ల ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్ల కోసం కట్టినవి, డీఎన్ఏ మాత్రమే చదువుతాయి. డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: “ఆర్ఎన్ఏ ఫ్యూజన్ పరీక్ష ఉందా?” (ఫ్యూజన్ అంటే ఆ అతుకే.) లేదంటే ఆ ప్యానెల్ మీ బాబుకు దాదాపు వృథా.

అంతకంటే ముందు చవకైన మెట్టు ఒకటుంది. బ్లాకు మీద పాన్-ట్రాక్ అనే ఇమ్యూనో స్టెయిన్ వేయించండి. అది పాజిటివ్ అయితే ఎన్‌టీఆర్‌కే అనే జన్యువులో అతుకు ఉండొచ్చు, దాన్ని ఆర్ఎన్ఏతో ఖాయం చేసుకోవాలి. ఈ అతుకున్న గడ్డలకు లారోట్రెక్టినిబ్ అనే మందును 2018 నవంబర్‌లో అమెరికా అనుమతించింది. మొదటి ట్రయల్స్‌లో నలుగురిలో ముగ్గురికి గడ్డ తగ్గింది. ఇలా మందు గట్టిగా పనిచేసే మార్పులు ఇంకొన్ని ఉన్నాయి: కొన్ని మెదడు గడ్డల్లో బీఆర్ఏఎఫ్ వి600ఈ, ఒక రకం లింఫోమాలో ఏఎల్‌కే. చాలా సార్కోమాల్లో మాత్రం ఇలాంటి తలుపు దొరకదు. పరీక్ష చేయించాక ఏమీ తేలకపోవచ్చన్నది ముందే మనసులో పెట్టుకోండి.

చేయించాలనుకుంటే, మళ్లీ వచ్చిన గడ్డ నుంచి కొత్త బయాప్సీ మేలు, అది వీలు కాకపోతే పాత బ్లాకు. ఆస్పత్రి రికార్డు విభాగంలో దరఖాస్తు పెట్టి స్లైడ్లు మాత్రమే కాకుండా బ్లాకు కూడా తీసుకోండి. బ్లాకు మైనం 56–60 డిగ్రీలకు కరుగుతుంది, ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదలొద్దు. రిపోర్టుకు మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆలోపు చికిత్స ఆపొద్దు. పరీక్షకు డబ్బు కట్టకముందే “మందు దొరికితే ఎలా తెప్పిస్తారు?” అని డాక్టరు గారిని అడగండి. ఇక్కడ అమ్మని మందును ఒక రోగి పేరుమీద తెప్పించుకోవడానికి ఫారం 12ఏ దరఖాస్తు, ఫారం 12బీ అనుమతి ఉన్నాయి. కొన్ని కంపెనీలు దయాపూర్వకంగా ఉచితంగా ఇస్తాయి, దాన్ని డాక్టరే అడగాలి. మందు తెచ్చే దారి లేనప్పుడు లక్షలు పోసిన రిపోర్టు కాగితమే అవుతుంది.

ఒక విషయం ఇప్పుడే మొదలుపెట్టండి: పాలియేటివ్ వైద్యం. అంటే ఆశ వదిలేయడమని కాదు. నొప్పి, నిద్ర, ఆకలి చూసుకునే వైద్యం అది. ఏ పరీక్ష చేయించినా, చేయించకపోయినా బాబుకు ఈ రాత్రి నొప్పి లేకుండా నిద్ర పట్టాలి.

ప్రశ్న: ఈ జీన్ టెస్టులు ఆరోగ్యశ్రీలో వస్తయా?
(భూపాలపల్లి)

జవాబు: చికిత్స ఖర్చుకు ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. ఏ పరీక్ష ప్యాకేజీలో కలుస్తుందో, ఏది విడిగా కట్టాలో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను రాతపూర్వకంగా అడగండి. కలవనివాటికి ముందుగా సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్ఓసీకి (ఖర్చు భరిస్తామని ఆస్పత్రికి ముందే ఇచ్చే హామీ లేఖ) దరఖాస్తు పెట్టండి. బిల్లు కట్టేశాక వచ్చే సాయం ఆలస్యమవుతుంది. తెల్ల రేషన్‌కార్డు కుటుంబాలు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి పిల్లల విభాగానికి నేరుగా వెళ్లొచ్చు. క్యాన్సర్ రోగికీ తోడువచ్చేవారికీ రైల్వే రాయితీ ఉంది, ఆస్పత్రి సర్టిఫికెట్ తీసుకోండి.

ప్రశ్న: కాకతీయ యూనివర్సిటీలో బయోటెక్నాలజీ చదువుతున్నాను. పిల్లల క్యాన్సర్‌పై మన దేశంలో ఇలాంటి పరిశోధన ఏదైనా నడుస్తున్నదా? మా అన్న కూతురికి చికిత్స చేస్తున్న చోట “శాంపిల్ రీసెర్చ్‌కు ఇస్తారా” అని సంతకం అడిగారట. ఇవ్వొచ్చా?

జవాబు: నడుస్తోంది. ఐసికిల్-ఆల్-14 అనే ట్రయల్‌లో ముంబై, కోల్‌కతా, ఢిల్లీ, చండీగఢ్, చెన్నై కేంద్రాలు కలిసి, జన్యు మార్పులు, ఎం.ఆర్.డి. ఆధారంగా పిల్లలను రిస్క్ గ్రూపులుగా విడదీసి ఒకే పద్ధతిలో చికిత్స చేశాయి. మన పిల్లలకు ఏ డోసు విషమవుతుంది, ఎక్కడ చికిత్స తగ్గించినా నష్టం లేదు అన్నవి విదేశీ పుస్తకాల నుంచి తేలవు, ఇలాంటి ట్రయల్స్ నుంచే తేలాలి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి చేసిన నెక్స్‌కార్19 కార్-టీ చికిత్సకు (రోగి సొంత తెల్లకణాలను మార్చి క్యాన్సర్ మీదికి వదిలే పద్ధతి) 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. కాకపోతే అది 15 ఏళ్లు నిండినవారికి. చిన్నపిల్లలకు ఇంకా రావాలి.

సంతకం విషయంలో మా అభిప్రాయం: ఇవ్వండి, చదివి ఇవ్వండి. తెలుగు పత్రం అడగండి. అది ట్రయల్ అయితే సీటీఆర్ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదు పట్టిక) నంబరు ఉండాలి, 2009 నుంచి అది తప్పనిసరి. మూడు సంగతులు చూడండి: పరీక్షలకు తీసినదాంట్లో మిగిలినదే వాడతారా, లేక అదనంగా సూది గుచ్చుతారా. వారసత్వంగా వచ్చే మార్పు కనబడితే కుటుంబానికి చెబుతారా. తర్వాత వద్దనుకుంటే తప్పుకోవచ్చా. తప్పుకున్నా చికిత్సలో తేడా ఉండకూడదు. పాపకు ఏడేళ్లు దాటితే ఆమెకు అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 12 దాటితే రాతలో.

ప్రశ్న: మా పెద్దబాబుకు ఏడాదిన్నర వయసులో రెండు కండ్లల్ల రెటినోబ్లాస్టోమా (రెటీనా క్యాన్సర్) వచ్చింది. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ ఆస్పత్రిలో చూపించినం, ఇప్పుడు బాగున్నడు. నాకు ఇప్పుడు మూడో నెల. ఈ బిడ్డకు కూడా వస్తదా?
(కరీంనగర్)

జవాబు: రెండు కళ్లకూ వస్తే అది ఆర్‌బీ1 జన్యువులో పుట్టుకతోనే ఉన్న మార్పు వల్లేనని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. అయితే ఎక్కువ కుటుంబాల్లో ఆ మార్పు తల్లిదండ్రుల్లో ఉండదు, ఆ బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. మీ ఇద్దరిలో ఒకరికి ఉంటే పుట్టబోయే బిడ్డకు రావడానికి సగానికి సగం అవకాశం. లేకపోతే చాలా తక్కువ, కానీ సున్నా కాదు.

పరీక్షల వరుస తప్పొద్దు. ముందు పెద్దబాబు రక్తంలో మార్పు ఏదో కనిపెట్టాలి. అది తెలియకుండా మీకు చేస్తే ‘లేదు’ అన్న రిపోర్టుకు అర్థం ఉండదు. తర్వాత అదే మార్పు మీ ఇద్దరి రక్తంలో ఉందేమో చూస్తారు. మీ ఇద్దరి రెటీనా కూడా ఒకసారి చూపించుకోండి. మూడో నెలే కాబట్టి టైముంది, ఈ వారమే మొదలుపెట్టండి. కడుపులో ఉండగానే తెలుసుకోవాలనుకుంటే 15 వారాల తర్వాత ఉమ్మనీటి పరీక్ష ఉంది. గర్భస్రావానికి కొద్దిపాటి అవకాశం ఉంటుంది కాబట్టి జెనెటిక్ కౌన్సెలింగ్‌లో మాట్లాడుకుని నిర్ణయించుకోండి.

ఉమ్మనీటి పరీక్ష వద్దనుకుంటే, కాన్పు అయిన వెంటనే బొడ్డుతాడు రక్తం 3–5 మి.లీ. పర్పుల్ ట్యూబులో తీసి పంపొచ్చు. పెద్దబాబులోని మార్పు బిడ్డలో లేకపోతే మత్తిచ్చి కళ్లు చూసే పరీక్షలు అక్కర్లేదు. ఉంటే మొదటి వారంలోనే కంటి పరీక్ష, మొదటి రెండు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఏడాది నిండేదాకా నెలనెలా. తర్వాత దూరం పెంచుతూ ఏడేళ్ల దాకా. ఫలితం రాకముందు బిడ్డకు మార్పు ఉన్నట్టే అనుకుని పరీక్షలు మొదలుపెట్టాలి. పెద్దబాబు జన్యు రిపోర్టు జిరాక్సు, బొడ్డుతాడు రక్తం తీయాలన్న చీటీ కాన్పు చేసే డాక్టరమ్మ ఫైలులో ఎనిమిదో నెలకల్లా పెట్టించండి.